ఒడ్డున ఉన్నవాళ్లం

పెద్దరోడ్డు మీద లారీ బోల్తా పడితే ముందు జనం వస్తారు, ఆ వెనకే సంచులు వస్తాయి. హైదరాబాద్-వరంగల్ రోడ్డు పక్కన బతికే మాకు ఇది కొత్త కాదు. మొన్నామధ్య ఒక పొద్దున మా స్టేషన్ ఘన్‌పూర్ దాటాక ఉల్లిగడ్డ లారీ ఒకటి రోడ్డు దిగి పక్కకు ఒరిగింది. బస్తాలు పగిలి ఉల్లిగడ్డ పొలం దాకా దొర్లింది. నేను వెళ్లేసరికే బకెట్లు, ఎరువు సంచులు, చీర కొంగులు నిండుతున్నాయి. డ్రైవరు మైలురాయికి ఆనుకొని కూర్చున్నాడు. నుదుటి మీది నుంచి కారిన రక్తం కంటి దగ్గర ఎండిపోయింది. ఆయనకు తెలుగు రాదు. పోయే సంచులను చూస్తున్నాడే గాని ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఒకామె మాత్రం తన సంచి పక్కన పెట్టి ఆయనకు నీళ్ల సీసా అందించింది. తాగేదాకా నిలబడింది. మళ్లీ వంగి ఏరుకోసాగింది. పక్కనున్న పెద్దాయనను "ఇదేంది కాకా" అని అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు, సిగ్గూ పడలేదు. "దేవుడు మన దిక్కు పంపిండు బిడ్డా, వద్దంటమా" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. దొంగతనం చేస్తున్నవాడి మాట కాదు అది. ఆయన నాకు తెలుసు. పక్కింటివాడి చేనులో కంకి తుంపని మనిషి. చిన్నప్పుడు మా ఊళ్లో వడ్ల బండి కాలువలో పడితే ఈ తరంవాళ్లే మోకాళ్లలోతు నీళ్లలో దిగి బస్తాలన్నీ గట్టుకు చేర్చారు. తడిసిన వడ్లను ఎవరి వాకిట్లోనో ఆరబోసి, సాయంత్రానికి తిరిగి బండికెత్తారు. ఒక్క గింజ కూడా ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. మరి మనుషులు మారారా? కాలం పాడైందని ఒక్క మాటతో తేల్చెయ్యడం సులువే. కాని నాకు అనిపించేది వేరు. ఆ బండివాడు ఫలానా ఇంటి అల్లుడు. ఈ లారీవాడు ఎవరికీ ఏమీ కాడు. పేరు తెలిసినవాడి ఆపద మన మీద బాధ్యత పెడుతుంది, పేరు తెలియనివాడి ఆపద మనకు హక్కు ఇస్తుంది. ఈ తేడా మనలోకి ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తూ ఉంటే, చాలా దూరంగా, సముద్రం మీద తేలాను. మా వైపు సముద్రం లేదు. చెరువులకే సముద్రమని పేరు పెట్టుకొని తృప్తిపడ్డ నేల ఇది.

మార్కో పోలో 13వ శతాబ్దం చివర మన తీరాల వెంట ఓడలో వెళ్లాడు. మలబారు వైపున ఏలి అనే రాజ్యం గురించి చెబుతూ అక్కడి ఆచారం ఒకటి రాశాడు. ఎక్కడికో పోవలసిన ఓడ గాలికి దారితప్పి వాళ్ల నదీముఖంలోకి వచ్చి లంగరు వేస్తే, సరుకంతా లాక్కుంటారట. నువ్వు పోవలసింది ఇంకో చోటికి, దేవుడే నిన్ను మా దగ్గరికి తోలాడు, కనుక నీ సొమ్ము మాది అంటారట. చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కాకా మాటే ఇది. ఏడు వందల ఏళ్ల కింద, వెయ్యి కిలోమీటర్ల దూరంలో, అదే మాట, అదే దేవుడు. మార్కో పోలో తర్వాత నూటయాభై ఏళ్లకు, 1440లలో, రాయబారిగా కాలికట్‌కు వచ్చిన అబ్దుర్ రజాక్ కూడా ఈ సంగతి ప్రస్తావించాడు. మిగతా రేవుల్లో దారితప్పిన ఓడను దోచుకుంటారు, కాలికట్‌లో అలా జరగదు అని ఆ ఊరిని మెచ్చుకున్నాడు. మెచ్చుకోవలసి వచ్చిందంటే అది అరుదన్న మాట. ఇది మన దేశపు జబ్బు మాత్రమే కూడా కాదు. యూరప్ తీరాల్లో దొరలు, రాజులు పగిలిన ఓడను తమ ఆస్తిగానే లెక్కించేవారు. ఇంగ్లండ్‌లో 1275లో చేసిన చట్టం ఒకటి ఉంది. ఓడ పగిలినా అందులోంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే, ఆ సరుకును దిక్కులేని సొత్తుగా ఎంచి పట్టుకోకూడదు అంటుంది. పిల్లి బతికితే సరుకు దక్కుతుంది. పిల్లి కూడా చస్తే? ఆ చట్టం రాసినవాళ్లకు ఒడ్డున ఉన్నవాళ్ల గురించి బాగానే తెలిసి ఉండాలి.

ఆ ఇంగ్లండ్ చట్టానికి ముప్పై ఏళ్ల ముందే మా ఓరుగల్లు నుంచి ఒక మాట వెళ్లింది. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం అది. వెనుకటి రాజులు ఏం చేసేవారో అందులో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడలు తుపానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా తీసుకునేవారు. మేము మాత్రం దయతోను, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ, నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోము అని ప్రకటించాడు. ప్రాణం కన్నా ధనమే పెద్దదనుకొని ఇంత సాహసం చేసి సముద్రం మీద వచ్చినవాళ్లు కదా అని ఆ వర్తకుల మీద ఒక మాట కూడా వేశాడు. అందులో కొంచెం జాలి, కొంచెం ఆశ్చర్యం కలిసి ఉన్నాయని నాకు అనిపిస్తుంది. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైలో ఒక వంతు సుంకం. ఆ కింద గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. దేనికెంతో శాసనంలోనే చెక్కించాడు. ఈ అభయం ఫలానా దేశంవాళ్లకని లేదు. అన్ని ద్వీపాల నుంచి, పరదేశాల నుంచి, పట్టణాల నుంచి వచ్చేపోయే వాళ్లందరికీ. పేరు తెలియనివాళ్లకు ఇచ్చిన మాట.

ఇది దయేనా, లేక వ్యాపారమా? శాసనం చదివిన ప్రతిసారీ ఈ అనుమానం వస్తుంది. దోచుకుంటే ఒక ఓడ దక్కుతుంది, దోచుకోకపోతే ఏటా వంద ఓడల మీద సుంకం దక్కుతుంది. ఈ లెక్క గణపతిదేవుడికి తెలియదని ఎవరంటారు? ఆయన గుర్రాలు కొనాలి. ఓరుగల్లు, గోల్కొండ ప్రాంతాల సరుకు అమ్ముడుపోవాలి. తర్వాత మార్కో పోలో ఇదే రేవును ముత్ఫిలి అని రాసి, రాణి ఏలుబడిని, వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టలను పొగిడాడంటే ఆ లెక్క ఫలించినట్టే. కాని నాకు ఒకటి తోస్తుంది. లాభం కోసమే అయితే సుంకాల పట్టిక చాలు. వెనుకటివాళ్లు చేసింది తప్పని రాతి మీద ఎక్కించక్కర్లేదు. దయకు లాభం తోడైతే దయ విలువ తగ్గుతుందని నేను అనుకోను. తుపానులో చిక్కినవాడికి కావలసింది రాజు మనసు ఎంత స్వచ్ఛమైనదన్న విచారణ కాదు. ఒడ్డు చేరాక ఏం జరుగుతుందో ముందే తెలియడం. ముప్పైలో ఒకటి అంటే ముప్పైలో ఒకటే.

ఆ అభయం విలువ ఎంతో తెలియాలంటే ఓడ మీద బతుకు ఎట్లుండేదో తెలియాలి. మోటుపల్లికి వచ్చిన కళాసీలు దినచర్యలు రాసి పెట్టలేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది, అజంతా గోడ మీద మూడు కొయ్యల ఓడ ఉంది. ఆ ఓడల్లో ఎవరు వండారో, ఎక్కడ పడుకున్నారో, రాత్రి ఏ పాట పాడుకున్నారో చెప్పేవాళ్లు లేరు. అందుకని రెండున్నర శతాబ్దాల తర్వాతి అట్లాంటిక్ ఓడల దగ్గరికి పోవలసి వస్తుంది. వాళ్లు రాసుకున్నారు. కొలంబస్ దినచర్య అసలు ప్రతి పోయినా, లాస్ కాసస్ అనే పాద్రీ తీసిపెట్టుకున్న సంక్షిప్త ప్రతి మిగిలింది. 1492 ఆగస్టు 3న స్పెయిన్‌లోని పాలోస్ రేవు నుంచి మూడు ఓడల్లో దాదాపు తొంభై మంది బయలుదేరారు. బడిలో ఆ మూడు పేర్లు, శాంతా మారియా, పింతా, నీనా, కంఠస్థం చేయించారు గాని ఆ ఓడ ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేదు. అందులో పెద్దదైన శాంతా మారియా పొడవు, చరిత్రకారుల అంచనా ప్రకారం, మా స్టేషన్లో ఆగే ప్యాసింజరు రైలు బోగీ ఒక్కదానికి మించదు. అందులో నలభై మంది. తిండి, నీళ్లు, కట్టెలు, తాళ్లు, ఫిరంగులు, అన్నీ అందులోనే.

పడక అంటూ ఎవరికీ లేదు. కెప్టెనుకు చిన్న గది, మిగతావాళ్లకు పైబల్ల. వాన వస్తే తడవాలి, అల వస్తే లేవాలి. కరీబియన్ దీవుల మనుషులు నూలు వలలు కట్టుకొని ఊగుతూ పడుకోవడం చూశాకే యూరప్ నావికులకు ఉయ్యాల పడక సంగతి తెలిసింది. ఇసుక పరిచిన పెట్టెలో మంట పెట్టి రోజుకు ఒకసారి వేడి తిండి వండుకునేవారు. సముద్రం పొంగిన రోజున అదీ లేదు. గట్టి రొట్టె, ఉప్పు చేప, ఉప్పు మాంసం, శనగలు, ద్రాక్షసారా. పీపాల్లో నీళ్లు కొన్ని వారాలకే వాసన కొట్టేవి. ఓడ అడుగున ఊరే మురికినీటిని పొద్దున్నే పంపుతో తోడాలి. అరగంటకొకసారి ఇసుక గడియారం తిరగెయ్యడం చిన్నపిల్లల పని. తిప్పిన ప్రతిసారీ దేవుడి పేర చిన్న పద్యం చదివేవారు, పొద్దుగూకితే అందరూ కలిసి మేరీమాత స్తోత్రం పాడేవారు. ఈ పిల్లల గురించి చదివినప్పుడల్లా మనసు ఆగుతుంది. పదేళ్లు, పన్నెండేళ్లు ఉంటాయేమో. నిద్రకు ఒరిగిపోతే ఓడలో కాలమే తప్పిపోతుంది. ఏ తల్లి పంపింది వాళ్లను?

ఇంకా దూరం పోయినవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. వాస్కో డ గామా 1498లో మన తీరం నుంచి తిరిగి పోయేటప్పుడు గాలుల రుతువు చూసుకోకుండా బయలుదేరి, వచ్చేటప్పుడు మూడు వారాల్లో దాటిన అరేబియా సముద్రాన్ని దాదాపు మూడు నెలలు దాటాడు. చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పేసి, ఏమీ మింగలేక, ముప్పై మంది చనిపోయారు. నడపడానికి మనుషులు చాలక ఒక ఓడను తగలబెట్టుకున్నారు. మాగెలాన్ వెంట వెళ్లిన పిగఫెట్టా పసిఫిక్ మీద మూడు నెలల ఇరవై రోజులు ఏం తిన్నారో రాశాడు. పురుగులు తొలిచిన రొట్టె పొడి, తాళ్లు ఒరుసుకోకుండా కొయ్యలకు చుట్టిన ఎద్దుతోలు సముద్రంలో నానబెట్టి కాల్చి, రంపపు పొట్టు, ఎలుకలు. ఎలుకకు బంగారు నాణెంలో సగం ధర పలికిందట. ఇన్ని దాటుకొని ఒకడు ఒడ్డు చేరితే, ఒడ్డున ఉన్నవాడు దేవుడు నిన్ను నా కోసం పంపాడని సంచి తెస్తే! మోటుపల్లి రాయి ఎంత పెద్ద మాట చెప్పిందో నాకు ఇక్కడే తెలిసింది.

కొలంబస్ కథలో ఒడ్డు రెండుసార్లు వస్తుంది. 1492 డిసెంబరు 24 రాత్రి, గాలి లేదు, అల లేదు, రెండు రోజులుగా నిద్ర లేని వాళ్లంతా పడుకున్నారు. చుక్కాని పట్టవలసినవాడు దాన్ని ఒక పిల్లవాడి చేతికిచ్చి తానూ నిద్రపోయాడు. నడిరాత్రి శాంతా మారియా హిస్పానియోలా దీవి దగ్గర ఇసుకదిబ్బ ఎక్కింది, ఇక కదల్లేదు. అక్కడి తాయినో జాతి పెద్ద గువాకనగరీ, కబురందగానే కన్నీళ్లు పెట్టుకున్నాడని కొలంబస్ రాశాడు. తన మనుషులను పడవలిచ్చి పంపాడు. సరుకంతా దించి, ఇళ్లు ఖాళీ చేయించి, అందులో పెట్టించి, రాత్రి కాపలా వేశాడు. చిన్న వస్తువు కూడా పోలేదు, స్పెయిన్లో కూడా ఇంత భద్రం ఉండదు అని కొలంబసే ఒప్పుకున్నాడు. ఆ మనుషులకు శాసనం లేదు, సుంకం లేదు, రేపు వచ్చే ఓడల లెక్క లేదు. అంతకు ముందు అలాంటి ఓడనే చూడలేదు.

రెండో ఒడ్డు తిరుగు ప్రయాణంలో వచ్చింది. 1493 ఫిబ్రవరిలో నీనా పెద్ద తుపానులో చిక్కింది. బతికితే ఎవరు తీర్థయాత్ర చెయ్యాలో తేల్చడానికి ఎంతమంది ఉంటే అన్ని శనగలు టోపీలో వేసి, ఒకదాని మీద శిలువ గీసి, ఒక్కొక్కరు తీశారు. శిలువ శనగ కొలంబస్‌కే వచ్చింది. ఎట్లాగో అజోర్స్ దీవుల్లో ఒకటి చేరారు. పోర్చుగీసువాళ్ల దీవి, ఒకే మతం, ఇంచుమించు ఒకే భాష. మొక్కు తీర్చుకోవడానికి చొక్కాలతో మాత్రమే గుడికి పోయిన సగం మందిని అక్కడి అధికారి పట్టుకొని బంధించాడు. కొన్ని రోజుల తర్వాత వదిలాడు. కన్నీళ్లు పెట్టినవాడు పరాయివాడు, పట్టుకున్నవాడు తమవాడు.

దీంతో కథ అయిపోతే బాగుండేది. విరిగిన శాంతా మారియా చెక్కలతోనే కొలంబస్ ఆ దీవిలో కోట కట్టించి 39 మందిని వదిలి వచ్చాడు. 1493 నవంబరులో తిరిగి వెళ్లేసరికి కోట కాలిపోయి ఉంది, మనుషులు చచ్చిపోయి ఉన్నారు. బంగారం కోసం, ఆడవాళ్ల కోసం వాళ్లు చేసిన ఆగడాలే కారణమని లాస్ కాసస్ రాశాడు. ఆ తర్వాత 1495లో అదే దీవి నుంచి అయిదు వందల మందికి పైగా తాయినోలను బానిసలుగా ఓడలకెక్కించారు. వాళ్లలో దాదాపు రెండు వందల మంది దారిలోనే చనిపోయారు, శవాలను సముద్రంలో వేశారు. మన సముద్రంలో డ గామా 1502లో, మక్కా నుంచి తిరిగి వస్తున్న యాత్రికుల ఓడను, ఆడవాళ్లతో పిల్లలతో సహా కాల్పించాడు. అంటే ఓడకు అభయమిచ్చిన ఒడ్డుకు ఓడ అభయమివ్వలేదు. గువాకనగరీ చేసింది పొరపాటేనా? సరుకు దించకుండా చూస్తూ ఊరుకుంటే ఆయన జాతి బతికేదా? చాలా రాత్రులు ఈ ప్రశ్న నాతో ఉంది. బతికేది కాదనే అనుకుంటున్నాను. ఆ ఓడ మునిగినా ఇంకో ఓడ వచ్చేది. ఆయన దయ వాళ్ల నాశనానికి కారణం కాదు. ఆ దయను అందుకున్న చేతులదే తప్పు. ఈ రెంటినీ కలిపేస్తే, ఇక ఎవరూ ఎవరికీ నీళ్ల సీసా అందించరు.

మనవాళ్లు కూడా ఆ వరసలో ఓడ లోపలికి చేరారు. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ట్రూరో అనే ఓడలో 342 మంది కూలీలు ఉన్నారు. చెరుకు తోటల కోసం ఒప్పంద పత్రానికి లోబడి పోయినవాళ్లు. ఆ ఓడలోనూ, ఆ వెనక పోయిన ఓడల్లోనూ తెలుగువాళ్లు ఎందరో. కోరంగి రేవు నుంచి మారిషస్ చేరినవాళ్లను అక్కడ ఊరి పేరుతోనే పిలిచేవారు. ఒడ్డున వాళ్లకు ఎదురైనవాడు చేతిలో లెక్కల పుస్తకంతో నిలబడ్డాడు. ఇవాళ మా జిల్లాల నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయే పిల్లలు విమానం దిగగానే పాస్‌పోర్టు ఎవరి చేతికో ఇచ్చి నిలబడుతుంటే, వాళ్ల తల్లులు ఇక్కడ ఫోను చేతిలో పెట్టుకొని కూర్చుంటారు. పరాయి ఒడ్డు మీద మంచివాళ్లు ఉండాలని మొక్కుకునే ఇళ్లు మా వైపు తక్కువేం కాదు. ఆ ఇళ్లవాళ్లమే మన రోడ్డు మీద పరాయి డ్రైవరు పడినప్పుడు ఆ మొక్కు మర్చిపోతున్నాం. నాకు నొప్పి కలిగించేది ఇది.

గణపతిదేవుడు పోయాక ఆ రేవులో ఆ మాట నిలిచి ఉందా? కాకతీయుల రాజ్యమే పోయింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ శాసనం వేయించి వర్తకులకు ధైర్యం చెప్పవలసి వచ్చింది. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఊహించవచ్చు. రాజు మాట ఇచ్చాడని ఒడ్డున ఉన్నవాళ్ల చేతులు వాటంతటవే ఆగవు. అయినా ఇద్దరు రాజులు, నూటపదమూడేళ్ల తేడాతో, ఒకే చోట, రాతి మీద చెప్పారు. వాళ్లలో ఒకరు మనవారు. రామప్ప గురించి, వేయి స్తంభాల గుడి గురించి మన పిల్లలకు చెప్పినంతగా ఈ రాయి గురించి చెప్పలేదు. కాకతీయులు కట్టినవాటిలో నన్ను అడిగితే ఇదే పెద్దది.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో, చినగంజాం మండలంలో ఉన్న చిన్న ఊరు. శాసన స్తంభం అక్కడి వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఉంది. ఎండాకాలం సెలవులకు సూర్యలంక బీచికి పోయే బండ్లు మా వైపు నుంచి ఎన్నో బయలుదేరుతాయి. పోయేవాళ్లు చీరాల మీదుగా ఇంకొంచెం దూరం పోయి ఆ గుడి దాకా వెళ్లండి. పిల్లలను వెంట తీసుకుపోండి. ఓరుగల్లు రాజు ముక్కూ మొహం తెలియని కళాసీలకు ఏమని మాట ఇచ్చాడో ఆ స్తంభం ముందు నిలబెట్టి చెప్పండి.